డక్‌వీడ్ పచ్చగా ఉంటే నీళ్లు బాగున్నట్టేనా? ఫ్లేమ్ రిటార్డెంట్లు నీటి మొక్కలను ఏం చేస్తాయి

మీరు అడిగింది ఇది. ఒక చెరువు గట్టున పాత టీవీలు, కంప్యూటర్లు విప్పి ప్లాస్టిక్‌ను, రాగిని వేరుచేసే షెడ్లు ఉన్నాయి. వానాకాలంలో ఆ నీళ్లన్నీ చెరువులోకి వస్తాయి. ప్లాస్టిక్ తొందరగా అంటుకోకుండా కలిపే ఫ్లేమ్ రిటార్డెంట్లు నీటి మొక్కలకు హాని చేస్తాయని ఎక్కడో చదివారు. కానీ చెరువు మీద డక్‌వీడ్, అంటే నీటి మీద తేలే ఆ చిట్టి ఆకుల మొక్క, మాత్రం తివాచీ పరిచినట్టు పచ్చగా ఉంది. హాని నిజమైతే అది ఎందుకు చావలేదు? నీళ్లు బాగానే ఉన్నాయనుకోవచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. హాని నిజమే, కానీ మొక్కలు చచ్చి తేలడం దాదాపు ఉండదు. ఈ రసాయనాలు మామూలుగా చెరువుల్లో దొరికే మోతాదుల్లో చేసేది వేరు. కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, వేళ్లు పొట్టిబడతాయి, పెరుగుదల నెమ్మదిస్తుంది, కొన్ని జాతులు తగ్గి వాటి చోట మొండి జాతులు వస్తాయి. మొక్క బతికే ఉండి తనలో చేరినదాన్ని తినేవాళ్లకు అందిస్తుంది. ఇక డక్‌వీడ్ సంగతంటారా, ఈ కేసులో అది పనికిరాని సాక్షి. ఎందుకో కింద చెబుతాను. నేను చాలా ఏళ్లు నీటి మొక్కల మీద విషపరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేశాను. అందులో సగం కాలం డక్‌వీడ్ ఆకులు లెక్కపెట్టడంతోనే గడిచింది, కాబట్టి దానిమీద నాకేమీ కోపం లేదు.

మొదటి చిక్కు పేరులోనే ఉంది. ఫ్లేమ్ రిటార్డెంట్ అంటే ఒక రసాయనం కాదు, ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసేవి వందల రకాలు, నీళ్లలో పడ్డాక ఒక్కొక్కటి ఒక్కో దారి పడుతుంది. మీ చెరువుకు సంబంధించినంత వరకు రెండు గుంపులు చాలు.

ఒకటి బ్రోమిన్ ఉన్నవి. పీబీడీఈలు, హెచ్‌బీసీడీ, టీబీబీపీఏ లాంటివి. పీబీడీఈల్లోనే బ్రోమిన్ పరమాణువుల సంఖ్యను, అవి ఉన్న చోటును బట్టి 209 రూపాలున్నాయి. వాటిలో పెంటా, ఆక్టా రకాలను, ఏళ్ల తరబడి నశించని విషాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో నిషేధ జాబితాలో పెట్టింది, 2013లో హెచ్‌బీసీడీని, 2017లో పది బ్రోమిన్లున్న డెకా రకాన్ని చేర్చింది. నిషేధించారు కదా అని ఊరట పడకండి. పాత టీవీ డొక్కుల ప్లాస్టిక్‌లో డెకా రకం బరువులో 10 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉండేది. పైగా అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు, ఊరికే కలిపినదే. డొక్కు పగిలితే, అరిగితే, ఎండకు పెళుసెక్కితే దుమ్ముతో పాటు బయటికి వస్తుంది. మీ షెడ్లలో జరిగేది సరిగ్గా అదే.

రెండోది ఆర్గనోఫాస్ఫేట్లు, అంటే భాస్వరం ఉన్నవి. బ్రోమిన్ రకాలకు అడ్డుకట్ట పడ్డాక వీటి వాడకం బాగా పెరిగింది. టీసీఈపీ, టీసీపీపీ, ట్రైఫినైల్ ఫాస్ఫేట్ ఈ గుంపులోవే. సోఫా ఫోమ్‌లో, ఇన్సులేషన్‌లో, ప్లాస్టిక్ డొక్కుల్లో ఉంటాయి.

ఈ రెండు గుంపులకూ నీళ్లతో ఉన్న సంబంధం పూర్తిగా వేరు. డెకా రకం పీబీడీఈ నీళ్లలో కరగనట్టే లెక్క, లీటరుకు 0.1 మైక్రోగ్రాము కూడా కరగదు. దుమ్ము రేణువును పట్టుకుని వచ్చి, దానితోనే అడుగుకు దిగి బురదలో కూర్చుంటుంది. టీసీఈపీ అలా కాదు, లీటరు నీళ్లలో కొన్ని గ్రాములు కరుగుతుంది. నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. మురుగునీటి శుద్ధి ప్లాంటులోంచి కూడా క్లోరిన్ ఉన్న ఆర్గనోఫాస్ఫేట్లు పెద్దగా తగ్గకుండానే బయటికొస్తాయి. పీబీడీఈలేమో ఆ ప్లాంటు బురదలో ఉండిపోతాయి.

ఇప్పుడు డక్‌వీడ్‌ను చూడండి. అది నీటి ఉపరితలం మీద తేలుతుంది. దాని వేరు కొద్ది సెంటీమీటర్ల దారం, నీళ్లలో వేలాడుతుంది. బురదను ఎప్పుడూ తాకదు. మీ చెరువులో ఎక్కువ సరుకు ఉండే చోటు బురద. అంటే దొంగతనం కింది గదిలో జరిగితే మీరు మేడ మీద కూర్చున్న మనిషిని సాక్ష్యం అడుగుతున్నారు. అడగాల్సింది బురదలో వేళ్లున్న వాటిని. జమ్ము, తుంగ, కలువ, నీళ్లలో మునిగి పెరిగే హైడ్రిల్లా, మిరియోఫిలం, ఇవన్నీ ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. బహుశా డక్‌వీడ్ కప్పేయడం వల్ల కనబడి ఉండవు.

ఇంకో మాట. డక్‌వీడ్ అంత దట్టంగా ఉందంటే చెరువులో నత్రజని, భాస్వరం ఎక్కువగా ఉన్నాయని అర్థం. అది మురుగో ఎరువో కలిసిన గుర్తు, నీటి శుభ్రతకు కాదు. పైగా ఆ తివాచీ కింద వెలుతురు ఉండదు, మునిగి పెరిగే మొక్కలు దానివల్లే చస్తాయి. కింది మొక్కలు కనబడకపోతే వెంటనే ఫ్లేమ్ రిటార్డెంట్లను నిందించకండి.

మొక్క లోపల జరిగేది

బ్రోమిన్ గుంపు రసాయనాలకు కొవ్వంటే ఇష్టం. ఆకులో కొవ్వు పొరలు ఎక్కువగా ఉండేది క్లోరోప్లాస్టులో. వెలుతురును పట్టే యంత్రాంగం ఆ పొరల్లోనే బిగించి ఉంటుంది. అక్కడ వీటి జోక్యం మొదలైతే ఎలక్ట్రాన్లు వెళ్లాల్సిన వరసలో వెళ్లకుండా దారి తప్పి ఆక్సిజన్ మీద పడతాయి. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. అవి ఆ పొరలనే కొరుకుతాయి. మొక్క ఊరుకోదు, వాటిని విరిచే ఎంజైములను పెంచుతుంది. దానికి కావలసిన శక్తి మాత్రం కొత్త ఆకు వేయడానికి దాచిన ఖాతాలోంచే పోవాలి. అందుకే మొదట కనిపించేది చావు కాదు, ఎదుగుదల తగ్గడం.

దీన్ని కొలవడానికి రెండు దారులు నాకు బాగా అలవాటు. ఒకటి ఫ్లోరోమీటర్. ఆకును కాసేపు చీకట్లో ఉంచి ఒక్కసారిగా వెలుగు కొడితే, తిరిగొచ్చే ఎర్రటి మెరుపును బట్టి యంత్రాంగం ఎంత బాగా పనిచేస్తోందో ఒక నిష్పత్తిగా వస్తుంది. ఆరోగ్యమైన ఆకుకు అది 0.8 దగ్గర ఉంటుంది. కంటికి పచ్చగా కనిపించే ఆకు కూడా ఇక్కడ తక్కువ చూపించి దొరికిపోవడం చాలాసార్లు చూశాను. రెండోది, కొవ్వు పొరలు ఎంత పాడయ్యాయో చూసే పాత పరీక్ష. ఆకును నూరి, ఆమ్లం, థయోబార్బిట్యురిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే గులాబి రంగు వస్తుంది. రంగు ముదిరిన కొద్దీ నష్టం ఎక్కువ. పక్కపక్కన రెండు పరీక్ష నాళికలు పెట్టుకుని, ఒకటి లేత గులాబి, ఇంకోటి రూహఫ్జా రంగులో ఉండటం చూస్తే, ఏ ఆకు ఎంత యాతన పడిందో చెప్పడానికి గ్రాఫు అక్కర్లేదు.

టీబీబీపీఏ దారి కొంచెం వేరు. అది ఫినాల్ జాతి. నీటి పీహెచ్ 7, 8 మధ్య ఉన్నప్పుడు అది కొంత మామూలు అణువుగా, కొంత విద్యుదావేశం మోసే అయానుగా ఉంటుంది. కణంలో శక్తి తయారయ్యే పొరకు చిల్లు పెట్టినట్టు పనిచేస్తుంది. ట్యాంకులో నీళ్లు నిలవవు, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సర్క్యూట్ బోర్డుల్లో వాడినప్పుడు ఇది రెజిన్‌తో రసాయనికంగా ముడిపడి ఉంటుంది కాబట్టి తక్కువ కారుతుంది. ప్లాస్టిక్ డొక్కుల్లో ఊరికే కలిపినప్పుడు ఎక్కువ కారుతుంది.

వేళ్ల సంగతి. బ్రోమిన్ ఎక్కువున్న పెద్ద అణువులు వేరు పైపొరకు అతుక్కుని అక్కడే ఆగిపోతాయి. వేరు లోపల నీటిని వడగట్టే గోడలాంటి పొర ఒకటుంది, అది దాటడం వీటికి కష్టం. బ్రోమిన్ తక్కువున్నవి కొంత మేరకు పైకి ఎక్కుతాయి. టీసీఈపీ లాంటి నీళ్లలో కరిగేవి నీటితో పాటే కాండంలోకి, ఆకుల్లోకి వెళ్లిపోతాయి. కాబట్టి జమ్ము ఆకు కోసి పరీక్షకు పంపితే ఆర్గనోఫాస్ఫేట్లు దొరకొచ్చు, డెకా పెద్దగా దొరకకపోవచ్చు. అదే మొక్క వేరును పంపితే కథ తిరగబడుతుంది. ఈ తేడా తెలియక ఆకు ఒక్కటే పరీక్షించి మొక్క శుభ్రంగా ఉందని రాసిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి.

బురదలో పెద్దవి చిన్నవవుతాయి. జనం తేలిగ్గా తీసుకునేది ఇదే. డెకా పెద్ద అణువు కాబట్టి ప్రమాదం తక్కువ అని ఒకప్పుడు వాదన ఉండేది. కానీ ఎండకూ, గాలి తగలని బురదలో ఉండే సూక్ష్మజీవుల వల్లా దాని బ్రోమిన్లు ఒక్కొక్కటే ఊడిపోతాయి. మిగిలేవి చిన్నవి, చురుకైనవి, జీవుల్లోకి సులువుగా దూరేవి. మొక్కలూ, జంతువులూ వాటికి ఆక్సిజన్ తగిలించి హైడ్రాక్సీ రూపాలుగా మారుస్తాయి, వాటిలో కొన్ని అసలు రసాయనం కంటే ఎక్కువ విషం. షెడ్లు మూసేసినా బురదలో ఈ పని ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక నిజాయితీ మాట. ఈ విషయం మీద ల్యాబ్ ఫలితాలు చదివేటప్పుడు జాగ్రత్త. చెరువు, నదుల నీళ్లలో పీబీడీఈలు లీటరుకు నానోగ్రాముల్లో, చాలాసార్లు అంతకంటే తక్కువలో ఉంటాయి. ఆర్గనోఫాస్ఫేట్లు నానోగ్రాముల నుంచి మైక్రోగ్రాముల దాకా ఉంటాయి. పరీక్షల్లో మొక్క స్పష్టంగా దెబ్బతినేది ఎక్కువగా మైక్రోగ్రాముల నుంచి మిల్లీగ్రాముల స్థాయిలో. కరగని రసాయనాన్ని ద్రావకంలో కలిపి, కరిగే హద్దు దాటించి పోసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములకు ఇంత నష్టం అని రాసినవి కూడా ఉన్నాయి. అందులో మొక్కకు నిజంగా అందింది ఎంత, గాజు గోడకు అతుక్కుంది ఎంత అన్నది కొలవకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, బాగా తక్కువ మోతాదులో నాచు, డక్‌వీడ్ ఒక్కోసారి మామూలు కంటే కాస్త ఎక్కువే పెరుగుతాయి. అది మేలు కాదు, ఒత్తిడికి మొక్క ఇచ్చే జవాబు.

మా ల్యాబ్‌లోనే ఒకసారి పరువు పోయేంత పని జరిగింది. ఏ రసాయనమూ కలపని శుభ్రమైన నీటి నమూనాలో డెకా పీబీడీఈ కనిపించింది. వారం రోజులు పరికరాన్ని, ద్రావకాలను, ఒకరినొకరు అనుమానించుకున్నాం. చివరికి చూస్తే నమూనాలు తెరిచే బల్ల పక్కన ఒక పాత కంప్యూటర్ మానిటర్, సీటు చిరిగి ఫోమ్ రాలుతున్న కుర్చీ. గదిలో దుమ్మే మా నమూనాలో పడింది. ఆ రెండూ బయటికెళ్లాక అంకె పడిపోయింది. ఇళ్లలో కూడా ఇదే దారి. సోఫా నుంచి, టీవీ నుంచి రాలిన దుమ్ము బట్టలకు పట్టి, ఉతికినప్పుడు మురుగులోకి వెళ్తుంది. షెడ్లు లేని ఊళ్ల నదుల్లోనూ ఇవి దొరకడానికి ఒక కారణం అదే.

మీ చెరువులో అసలు దోషి రాగి కావచ్చు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. వైర్లు కాల్చే, బోర్డులు విప్పే చోట ఫ్లేమ్ రిటార్డెంట్లు ఒంటరిగా రావు. రాగి, సీసం, ఆంటిమొనీ కలిసే వస్తాయి. ఆంటిమొనీ ట్రయాక్సైడ్‌నయితే బ్రోమిన్ రకాలకు తోడుగా ప్లాస్టిక్‌లో కావాలనే కలుపుతారు. నాచును చంపడానికి కాపర్ సల్ఫేట్ చల్లుతారని మీకు తెలిసే ఉంటుంది, అంటే నాచుకు రాగి ఎంత విషమో వేరే చెప్పక్కర్లేదు. మొక్క ఒకేసారి రెంటితోనూ పోరాడాల్సి వస్తే, విడివిడిగా ఏమీ చేయలేని మోతాదులు కలిసి కుంగదీయొచ్చు. ఇలాంటి చోట్ల ఏది ఎంత నష్టం చేసిందో విడదీసి చెప్పగలనని ఎవరైనా ధీమాగా అంటే నేను నమ్మను.

నేను చూసిన ఒక మడుగు గురించి చెబుతాను, మీ దానికి దగ్గరగా ఉంటుంది. పక్కన ప్లాస్టిక్ తుక్కును పొడి చేసే చోటు. పైన డక్‌వీడ్ నిండుగా ఉంది. అంతకుముందు ఎవరో పరీక్ష చేయించారు, ఏమీ దొరకలేదని రిపోర్టు. ఆరా తీస్తే నీళ్లను ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి, ల్యాబ్‌లో వడపోసి, వడపోసిన నీళ్లనే చూశారట. రేణువులకు అతుక్కునేదాన్ని వడపోతలో పారేశాక ఇంకేం దొరుకుతుంది? మేం బురద తీశాం, అందులో దొరికింది. అదే బురదను గాజు పాత్ర అడుగున పరిచి, పైన శుభ్రమైన నీళ్లు పోసి, మిరియోఫిలం కొసలు నాటాం. పక్కనే మంచి బురదతో ఇంకో వరస. రెండు వారాల తర్వాత రెండు వరసలూ పచ్చగానే ఉన్నాయి. పైకి తీసి కడిగితే తెలిసింది. మంచి బురదలోవి తెల్లటి పొడుగాటి వేళ్లు వేసుకున్నాయి. ఆ మడుగు బురదలోవి గోధుమరంగు పొట్టి వేళ్లు, కొసలు మొద్దుబారి, పిల్లి పీకిన చీపురులా ఉన్నాయి. ఆ బురదలో రాగి కూడా ఉంది, కాబట్టి ఆ వేళ్ల పాపం ఒక్క పీబీడీఈల మీద వేయలేదు.

మీరు మొదలుపెట్టాలంటే ఇలా చేయండి. నీళ్లతో పాటు తప్పకుండా బురద నమూనా తీయించండి, పైన 5 సెంటీమీటర్ల మందం చాలు. గాజు సీసాలో వేసి, మూత కింద అల్యూమినియం ఫాయిల్ పెట్టి, వెలుతురు తగలకుండా చల్లగా పంపాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు. అదే బురదలో రాగి, సీసం, ఆంటిమొనీ కూడా అడగండి. లోహాల కోసం విడిగా ఇంకో సీసా అడుగుతారు, ల్యాబ్ వాళ్లనే కనుక్కోండి. షెడ్ల వైపు ఒకటి, దూరంగా అవతలి ఒడ్డున ఒకటి. ఒక్క నమూనాతో ఏదీ తేలదు.

ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకునేదీ ఒకటుంది. డక్‌వీడ్ ఆకులు 12 లెక్కపెట్టి చెరువు నీళ్లలో, మరో 12 మంచి నీళ్లలో వేసి, రెండింటిలోనూ ఒకే ఎరువు ద్రావణం సమానంగా కలిపి, ఒకే వెలుతురులో 7 రోజులు ఉంచండి. ప్రామాణిక పరీక్షలో ఆరోగ్యమైన డక్‌వీడ్ రెండున్నర రోజుల్లోపే రెట్టింపు అవ్వాలి, అంటే వారంలో దాదాపు ఏడు రెట్లు. మీ ఇంట్లో అంత రాకపోవచ్చు, రెండు గిన్నెల మధ్య తేడా చూడండి చాలు. ఆకులు చిన్నవైనా, గుంపులు విడిపోయి ఒంటరి ఆకులుగా తేలుతున్నా, వేరు పొట్టిగా ఉన్నా రాసుకోండి. ఇది నీళ్లలో కరిగినవాటి గురించే చెబుతుంది, ఏ రసాయనమో చెప్పదు.

చివర్లో మీరు అడిగిన రెండో ప్రశ్న, ఆ డక్‌వీడ్‌ను తీసేసి కోళ్లకు వేయొచ్చా, లేదా కంపోస్టు చేయొచ్చా అని. కోళ్లకు, చేపలకు వద్దు. 1973లో మిచిగన్‌లో పీబీబీ అనే బ్రోమిన్ ఫ్లేమ్ రిటార్డెంట్ పొరపాటున పశువుల దాణాలో కలిసి, పాలు, మాంసం, గుడ్ల ద్వారా జనందాకా వెళ్లింది. మీ చెరువులో అంత మోతాదు ఉండదు, అయినా దారి అదే దారి. మొక్కలతో చెరువును శుభ్రం చేయొచ్చంటారు కొందరు. కోసి బయటికి తీస్తే కొంత తగ్గుతుంది కూడా. కానీ గట్టున కుప్ప పోస్తే కుళ్లి మళ్లీ చెరువులోకే దిగుతుంది. కాలిస్తే ఇంకా అన్యాయం, బ్రోమిన్ ఉన్నవాటిని తక్కువ వేడిలో కాలిస్తే బ్రోమిన్ డయాక్సిన్లనే ఘాటైన విషాలు పుడతాయి. బురద రిపోర్టు వచ్చేదాకా కోసినదాన్ని టార్పాలిన్ మీద, వాన నీళ్లు చెరువు వైపు పారని చోట ఆరబెట్టి ఉంచండి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, యూనిట్లు మర్చిపోకుండా, పొడి బరువుకా తడి బరువుకా అన్నది కూడా రాసి.